జానెడు పదును, అయిదంగుళాల గరాటు

జూన్ నుంచి సెప్టెంబరు దాకా ఇంటికి ఫోన్ చేస్తే నా మొదటి ప్రశ్న ఒకటే. "వాన పడ్డదా నాయినా?" ఆయన జవాబు కూడా చాలాసార్లు ఒకటే. "పడ్డది గని పదును గాలేదు బిడ్డా." ఇవతల నా ఫోన్‌లో మా మండలంలో నిన్న 14 మి.మీ. కురిసిందని కనిపిస్తూ ఉంటుంది. ఎవరి మాట నమ్మాలి?

పట్నంలో పుట్టి పెరిగిన మిత్రుల కోసం ఒక మాట. ఇది కత్తికుండే పదును కాదు. విత్తనం మొలవడానికి సరిపడా నేలలోకి దిగిన తడి. మా తాత వాన వెలిసాక చెల్కలోకి వెళ్ళి, వేళ్ళతో మట్టి తవ్వి, తడి ఎంత లోతుదాకా దిగిందో చూసేవాడు. బెత్తెడు దిగితే ఆగేవాడు. జానెడు దిగితే తెల్లారి నాగలి కట్టేవాడు. పిడికిట్లో నొక్కిన మట్టి ముద్దగా నిలబడాలి, అదీ పరీక్ష. ఆయనకి మిల్లీమీటరంటే ఏమిటో తెలీదు. కానీ ఒకే వాన ఎర్ర చెల్కలో ఒక రకంగా, నల్లరేగడిలో ఇంకో రకంగా లెక్కకొస్తుందని బాగా తెలుసు. రేగడి నీళ్ళు పట్టి ఉంచుతుంది, చెల్క నాలుగు ఎండలకే ఆరిపోతుంది. గరాటులో పడిన నీళ్ళు ఈ సంగతి చెప్పవు.

అయితే గరాటు కూడా చిన్న విషయమేమీ కాదు, దాని చరిత్ర చాలా పాతది. కౌటిల్యుడి అర్థశాస్త్రంలో ధాన్యాగారం ముందు మూరెడు వెడల్పు మూతి ఉన్న పాత్రని వాన కొలవడానికి పెట్టమని ఉంది. ధాన్యాగారం ముందే ఎందుకు? వాన లెక్క తెలిస్తే పంట లెక్క, అది తెలిస్తే పన్ను లెక్క తెలుస్తుంది కాబట్టి. అంటే రాజ్యం వానని కొలవడం మొదలుపెట్టింది రైతు కోసం కాదు, ఖజానా కోసం. ఈ మాట కాస్త గుర్తుపెట్టుకోండి.

మనకి తెలిసిన ఆధునిక వ్యవస్థకి కారణం మాత్రం తుఫానులు, కరువులు. 1864 కలకత్తా తుఫాను, 1866 ఒరిస్సా కరువు తర్వాత 1875లో భారత వాతావరణ శాఖ పెట్టారు. మొదటి అధిపతి హెన్రీ బ్లాన్‌ఫర్డ్. ఆ శాఖ పుట్టిన మరుసటి ఏడే 1876-78 మహాకరువు వచ్చిపడింది. మద్రాసు, మైసూరు, బొంబాయిలతో పాటు నిజాం రాజ్యం కూడా దానికి బలైంది. 1904లో ఆ శాఖకి వచ్చిన గిల్బర్ట్ వాకర్ మన రుతుపవనాల గుట్టు కోసం ప్రపంచంలోని పీడన లెక్కలన్నీ తిరగేసాడు. పసిఫిక్ సముద్రానికి అటూ ఇటూ పీడనం తూగుటుయ్యాలలా ఊగుతుందని కనిపెట్టాడు. ఇవాళ టీవీలో ఎల్‌నినో అని వినగానే మా ఊళ్ళో విత్తనాల కొట్టువాడు మొహం చిన్నబుచ్చుకోవడానికి మూలం అక్కడుంది.

మన వైపు వాన కొలతకి మొదటిసారి అందరి దృష్టీ మళ్ళింది కరువు వల్ల కాదు, వరద వల్ల. 1908 సెప్టెంబరు 28 మూసీ వరద. తర్వాత నిజాం ప్రభుత్వం మోక్షగుండం విశ్వేశ్వరయ్యని పిలిపించింది. ఆయన చేసిన పని చూస్తే మన ఇండస్ట్రీలో రూట్ కాజ్ అనాలిసిస్ అని పెద్ద పేరు పెట్టుకుని రాసే నాలుగు లైన్లు గుర్తొచ్చి సిగ్గేస్తుంది. మూసీ పరీవాహకంలో వానమాపకాల రికార్డులు తీయించాడు. శంషాబాదు దగ్గర 24 గంటల్లో 12.8 అంగుళాలు, 48 గంటల్లో 18.9 అంగుళాలు. తర్వాత చెరువులు లెక్కపెట్టాడు. మొత్తం 788 చెరువులుంటే 221 తెగాయి. ఒక చెరువు తెగి కింది చెరువుని, అది ఇంకో దాన్ని తెంపుకుంటూ వచ్చాయన్నమాట. ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ ఆ లెక్కల ఫలితమే. శంషాబాదులో ఆ రోజు ఉదయం గరాటు దగ్గరకెళ్ళి అంకె రాసిన గుమాస్తా ఎవరో మనకి తెలీదు. అతను రాయకపోతే విశ్వేశ్వరయ్య చేతిలో ఏముండేది? ఆ మూసీయే నల్లగొండ జిల్లా అంతా దాటి వాడపల్లి దగ్గర కృష్ణలో కలుస్తుంది.

ఆ గరాటు గురించి చెప్పాలి. జార్జ్ సైమన్స్ అనే ఇంగ్లీషాయన పేరు మీదున్న మాపకం, అయిదు అంగుళాల వ్యాసం, మూతి నేలకి అడుగు ఎత్తున ఉండాలి. పొద్దున 8:30కి అందులో నీళ్ళు గాజు కొలతపాత్రలో పోసి చూడాలి. రోజుకి 2.5 మి.మీ. పడితేనే దాన్ని వానరోజు అంటారు. చెట్టు కిందా, గోడ పక్కనా ఉండకూడదు. తాలూకా కచేరీల ఆవరణలో ఇలాంటివి ఉండేవి. 1985లో ఎన్టీఆర్ ప్రభుత్వం తాలూకాలు తీసి మండలాలు పెట్టాక మండలమే కరువు లెక్కకి కొలమానం అయ్యింది.

నేనొకసారి కూర్చుని లెక్కేసాను. పాత మహబూబ్‌నగర్ జిల్లా 18,432 చదరపు కిలోమీటర్లు, 64 మండలాలు. సగటున మండలానికి 288 చ.కి.మీ. సైమన్స్ గరాటు మూతి 127 చదరపు సెంటీమీటర్లు. అంటే మండలం ఆ గరాటుకి దాదాపు 2,200 కోట్ల రెట్లు. ఇంత చిన్న శాంపిల్ పట్టుకుని మీరు రిపోర్టు ఇస్తే మీ మేనేజరు ఊరుకుంటాడా?

నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒక ఏడు, జూలైలో మండల కేంద్రంలో ఒక్క రాత్రి కుండపోత. మాకు పన్నెండు కిలోమీటర్లు. మా ఊళ్ళో దుమ్ము కూడా అణగలేదు. ఆ ఒక్క వానతో కాగితం మీద మా మండలం "సాధారణం" అయిపోయింది. ఆముదాలు మొలకలోనే మాడిపోయాయి. పక్క మండలం జాబితాలో ఎక్కింది, మాది ఎక్కలేదు. నాయిన నలుగురితో కలిసి ఒక ఆఫీసుకి వెళ్ళి అడిగితే రిజిస్టరు తిప్పి చూపించారట. "గీడ వడ్డది గద పెద్దమనిషీ" అన్నారట. వాళ్ళు అబద్ధం చెప్పలేదు, రిజిస్టరులో ఉన్నదే చెప్పారు. ఆ ఏడు మా చిన్నాయిన బొంబాయి బస్సెక్కాడు. పాలమూరు నుంచి వలస గురించి ఎన్నో వ్యాసాలొచ్చాయి. నాకు మాత్రం వలస అనగానే ఆ రిజిస్టరే గుర్తొస్తుంది.

శాతాల గోల ఇంకొకటి. వాతావరణ శాఖ లెక్కలో సాధారణం కంటే 19 శాతం తక్కువైతే సాధారణమే, 20 అయితే లోటు. ఇఫ్-ఎల్స్ రాసే మనకి ఇది మామూలే గానీ ఆ ఒక్క శాతం మీద బ్యాంకు అప్పు రీషెడ్యూలు ఆధారపడుతుంది. పైగా ఆ శాఖకి తెలంగాణ మొత్తం ఒక ఉపవిభాగం. వెయ్యి మి.మీ. దాటే పాత ఆదిలాబాదు, 750 చిల్లర నల్లగొండ, 600 చిల్లర మహబూబ్‌నగర్, అన్నీ కలిపి ఒకే అంకె. కృష్ణ పుట్టే మహాబలేశ్వరంలో ఏటా అయిదు వేల మి.మీ. పైన కురుస్తుంది. పడమటి కనుమలు దాటి అదే నది మా జిల్లాలోకి వచ్చేసరికి మబ్బులు ఖాళీ. నది ఉంది, వాన లేదు.

2009 గుర్తుందా? దేశం మొత్తం మీద రుతుపవనాల్లో 22 శాతం లోటు. ఆగస్టులో అందరూ కరువు మండలాల గురించే మాట్లాడుకున్నారు. అక్టోబరు మొదటి వారంలో కృష్ణా, తుంగభద్రా పొంగి కర్నూలు, అలంపురం మునిగాయి. శ్రీశైలం డ్యామ్‌కి ఎన్నడూ రానంత నీళ్ళు వచ్చాయి. నడిగడ్డలో ఒకే రైతు ఒకే ఏడు కరువుకీ వరదకీ దరఖాస్తు రాసుకోవాల్సిన పరిస్థితి. ఏడాది మొత్తం కూడితే ఆ ఎండిన రోజులు అంకెలో ఎక్కడ కనిపిస్తాయి చెప్పండి. పంటకి కావలసింది మొత్తం కాదు, మధ్యలో ఖాళీ ఎంత అన్నది.

పైనుంచి చూద్దామనే ఆలోచన కూడా మన హైదరాబాదులోనే మొదలైంది. బాలానగర్‌లోని రిమోట్ సెన్సింగ్ సంస్థ 1989 నుంచి ఉపగ్రహ చిత్రాలతో పచ్చదనం సూచిక కట్టి కరువు అంచనా వేసింది. 2012లో ఆ పని ఢిల్లీలోని మహలనోబిస్ కేంద్రానికి వెళ్ళింది. ఇంకో దారి కిందనుంచి చూడడం. ఇక్రిశాట్ వాళ్ళు 1975లో మా జిల్లాలో ఔరేపల్లి, దోకూరు అనే రెండు ఊళ్ళు ఎంచుకుని, మనుషుల్ని అక్కడే ఉంచి, ఇంటింటి లెక్కలు రాయించారు. ప్రపంచంలో ఆర్థికశాస్త్రం చదివే చాలామందికి ఔరేపల్లి తెలుసు. మన హైటెక్ సిటీలో ఎందరికి తెలుసో!

ఇక గరాటు నేరుగా డబ్బుగా మారిన కథ. 2003లో బేసిక్స్, ఐసీఐసీఐ లాంబార్డ్ కలిసి దేశంలో మొదటిసారి వాన సూచిక బీమా అమ్మింది మహబూబ్‌నగర్ జిల్లాలోనే, పల్లి, ఆముదం రైతులకి. పంట చూడరు, స్టేషన్లో వాన చూస్తారు. నిర్ణయించిన దానికంటే తక్కువైతే మిల్లీమీటరుకి ఇంత అని చెల్లిస్తారు. ఇంజినీరుగా నాకు చాలా ముచ్చటేసింది. సర్వేయరు లేడు, లంచం లేదు, వాదన లేదు. నాయినకి చెబితే ఒక్క ప్రశ్న అడిగాడు. "ఆ గరాటు ఎవరి చేన్ల వెడ్తరు?" దీనికి పుస్తకాల్లో బేసిస్ రిస్క్ అని పేరుంది. ఆయన పుస్తకం చదవలేదు, రిజిస్టరు చూసాడు.

తర్వాత మార్పులొచ్చాయి, కాదనను. మండలాల్లో ఆటోమేటిక్ స్టేషన్లు పెట్టారు, గుమాస్తా నిద్ర లేచినా లేవకపోయినా అంకె వచ్చేస్తుంది. 2016లో వచ్చిన కేంద్ర కరువు మాన్యువల్‌లో వాన లోటు, ఎండు వారాలు మొదటి మెట్టు. తర్వాత సాగు విస్తీర్ణం, ఉపగ్రహ సూచికలు, నీటి మట్టాలతో పాటు నేల తేమ కూడా చూడాలి. ఆపైన పది శాతం ఊళ్ళకి మనుషులు వెళ్ళి చూడాలి. నేల తేమ అంటే మా తాత పదునే. కాకపోతే అదే ఏడు వాతావరణ శాఖ "కరువు" అన్న మాట వాడడం మానేసి "లోటు సంవత్సరం" అనడం మొదలుపెట్టింది. మాట మారితే చెల్కలో ఏం మారిందో నాకైతే అర్థం కాలేదు.

ఆ అక్టోబరులోనే జిల్లాలు కూడా చీలాయి. నల్లగొండ మూడయ్యింది. మహబూబ్‌నగర్ నుంచి నాగర్‌కర్నూలు, వనపర్తి, గద్వాల, 2019లో నారాయణపేట పుట్టాయి, షాద్‌నగర్ వైపు రంగారెడ్డిలో కలిసింది. కొత్త మండలాలకి పాత సగటు ఎక్కడిది? ముప్పై ఏళ్ళ డేటా ఒక స్కీమాలో, ఇప్పటి డేటా ఇంకో స్కీమాలో. మ్యాపింగ్ టేబుల్ లేకుండా మైగ్రేషన్ చేస్తే ఏమవుతుందో మీకు నేను చెప్పక్కర్లేదు.

మొన్న వానాకాలం ముందు ఊరికి ఒక ప్లాస్టిక్ వానమాపకం పట్టుకెళ్ళాను. ఇంటి వెనక ఖాళీ జాగాలో పాతాం. నాయిన రోజూ పొద్దున పోయి చూసి గోడ క్యాలెండరులో తేదీ కింద అంకె వేస్తున్నాడు. దాని పక్కనే, నేను చెప్పకుండానే, పదును కూడా రాస్తున్నాడు. ఒక గడిలో 22, పక్కన "రెండు వేళ్ళు". ఇంకో గడిలో 9, పక్కన ఏమీ లేదు. నా ఫోన్ మండలానికి 31 చూపించిన రోజున ఆయన గడిలో 4 ఉంది. పక్క ఊళ్ళో ఉండే మేనమామ తనకీ ఒకటి కావాలన్నాడట. నిన్న కొరియర్ చేసాను.