మహమ్మారి వేళ బయోటెక్నాలజీ: ఏడాదిలోపే టీకా ఎలా వచ్చింది?

టీకా తయారీకి మామూలుగా ఏళ్లకేళ్లు పడుతుంది. కరోనా టీకా మాత్రం ఏడాది తిరక్కుండానే వచ్చేసింది. ‘ఇంత తొందరగానా? అందులో ఏం కలిపారో ఏమో!’ అని మన ఇళ్లలో చాలామంది వెనకాడారు. అడగాల్సిన ప్రశ్నే అది.

2020 జనవరి రెండో వారంలో చైనా శాస్త్రవేత్తలు ఈ వైరస్ జన్యుక్రమాన్ని ఇంటర్నెట్‌లో పెట్టారు. సుమారు 30 వేల అక్షరాల పొడవైన వరుస అది. దాంతో వైరస్ చేతికి అందకముందే దేశదేశాల ల్యాబుల్లో పని మొదలైపోయింది. ముక్కులో పుల్ల పెట్టి చేసే ఆర్టీపీసీఆర్ పరీక్ష కూడా ఈ వరుస ఆధారంగా తయారైందే. మన హైదరాబాద్‌లోని సీసీఎంబీ ఆ పరీక్షలు చేసింది, తర్వాత కొత్త వేరియంట్ల జన్యుక్రమాలనూ చదివింది.

జర్మనీలో బయోఎన్‌టెక్ కంపెనీని అప్పట్లో నడిపింది ఉగుర్ షాహిన్, ఓజ్లెమ్ తురెచి అనే భార్యాభర్తలు. ఇద్దరివీ టర్కీ మూలాలున్న కుటుంబాలే. షాహిన్ తండ్రి కార్ల ఫ్యాక్టరీలో కార్మికుడు. వీళ్లు ఫైజర్‌తో కలిసి చేసింది ఎంఆర్ఎన్ఏ టీకా. ఇందులో వైరస్ ఉండదు. దాని పైనుండే స్పైక్ ప్రోటీన్‌ని ఎలా తయారుచేయాలో చెప్పే సందేశం మాత్రమే ఉంటుంది. మన కణాలు ఆ ప్రోటీన్‌ని తయారుచేస్తే, రోగనిరోధక శక్తి దాన్ని గుర్తుపెట్టుకుంటుంది. కొద్ది రోజుల్లో ఆ సందేశం కరిగిపోతుంది, మన డీఎన్ఏ జోలికి పోదు. ఇదేమీ రాత్రికి రాత్రి పుట్టిన విద్య కాదు. దీనికి దారి వేసిన కారికో, వైస్‌మన్‌ల కీలక పరిశోధన 2005 నాటిది, 2023లో వాళ్లకి నోబెల్ వచ్చింది. ప్రయోగ దశల్ని కలిపి నడపడం, ఫలితాలు రాకముందే తయారీ మొదలెట్టడం వల్ల మిగతా సమయం కలిసొచ్చింది.

కొవాగ్జిన్‌ది పాత పద్ధతి. పుణె ఎన్ఐవీ ఇచ్చిన వైరస్‌ని భారత్ బయోటెక్ హైదరాబాద్ జీనోమ్ వ్యాలీలో పెంచి, చంపి, టీకాగా మార్చింది. మూడో దశ ఫలితాలు రాకుండానే 2021 జనవరిలో అనుమతి ఇచ్చేశారు. దాన్ని శాస్త్రవేత్తలు తప్పుపట్టారు, ఆ విమర్శ న్యాయమైనదే. ప్రపంచ ఆరోగ్య సంస్థ ఆమోదం 2021 నవంబర్ 3న గానీ రాలేదు. అప్పటిదాకా చాలా దేశాలు దాన్ని లెక్కలోకి తీసుకోలేదు. విదేశాల్లో పనిచేసేవాళ్లకి అదెంత ఇబ్బందో వేరే చెప్పాలా!

ఇక హలాల్ సంగతి. కొన్ని టీకాల్లో చెడిపోకుండా ఉండటానికి పంది జెలటిన్ వాడతారు, అనుమానం అక్కడి నుంచే వచ్చింది. ఫైజర్, మోడెర్నా, ఆస్ట్రాజెనెకా తమ కరోనా టీకాల్లో పంది పదార్థాలు లేవని ప్రకటించాయి. ఒకవేళ జెలటిన్ ఉన్నా ప్రాణరక్షణ కోసం టీకా వేసుకోవచ్చని 2020 డిసెంబర్‌లో యూఏఈ ఫత్వా కౌన్సిల్ చెప్పింది. కొవాగ్జిన్‌లో దూడ సీరం ఉందన్న ప్రచారమూ సగం నిజమే. వైరస్‌ని పెంచే కణాల ఎదుగుదలకి దాన్ని వాడతారు, తర్వాత కడిగేస్తారు. టీకాలో అది ఉండదని కేంద్రం వివరణ ఇచ్చింది.

అంతగా పేరు రానిది కోర్బెవ్యాక్స్. అమెరికాలోని టెక్సస్ శాస్త్రవేత్తలు పీటర్ హోటెజ్, మరియా ఎలెనా బొటాజీ పేటెంట్ తీసుకోకుండా ఇచ్చిన ఫార్ములాతో హైదరాబాద్‌లోని బయోలాజికల్-ఇ దీన్ని తయారుచేసింది. ఈస్ట్‌లో పెంచిన ప్రోటీన్ ఇది, మామూలు ఫ్రిజ్‌లో నిలవుంటుంది. 2022 మార్చి 16 నుంచి 12–14 ఏళ్ల పిల్లలకి వేసింది ఈ టీకానే.