కొత్త సెమిస్టర్ మొదలైందా? మొదటి రెండు వారాలు డుమ్మా కొడితే.. ఇదీ అసలు లెక్క!

కాలేజీలు తెరిచారు. టైమ్‌టేబుల్ ఇంకా నోటీస్ బోర్డు ఎక్కలేదు. సగం మంది ఊళ్లోనే ఉన్నారు. "మొదటి రెండు వారాలు క్లాసులేం జరుగుతాయిలే.. తర్వాత వెళ్దాం" అన్న మాట హాస్టల్ వాట్సాప్ గ్రూపుల్లో కొత్తేమీ కాదు. కానీ బీటెక్ స్టూడెంట్లలో చాలామందికి సెమిస్టర్ చివర్లో వచ్చే టెన్షన్ మొదలయ్యేది సరిగ్గా ఇక్కడే.

చేతిలో ఉండేది 22 రోజులే

జేఎన్టీయూ హైదరాబాద్ రూల్స్ ప్రకారం ఒక సెమిస్టర్‌లో కనీసం 90 రోజులు క్లాసులు జరగాలి. ఎగ్జామ్ రాయాలంటే సబ్జెక్టులన్నీ కలిపి 75 శాతం అటెండెన్స్ ఉండాలి. అంటే 90లో 68 రోజులు కాలేజీలో కనిపించాల్సిందే. మిగిలేవి 22. సోమవారం నుంచి శనివారం దాకా లెక్కేస్తే మొదటి రెండు వారాలకే 12 రోజులు పోతాయి. ఇక సెమిస్టర్ మొత్తానికీ చేతిలో ఉండేది పది రోజులు. వానాకాలం సెమిస్టర్‌లో ఒక్కసారి డెంగీ వచ్చి మంచాన పడితే ఆ పదీ హుష్‌కాకి! ఇంట్లో పెళ్లి, ఊళ్లో జాతర సంగతి సరేసరి.

75 కంటే తగ్గితే దారే లేదా అంటే ఉంది. 65 నుంచి 75 శాతం మధ్య ఉన్నవాళ్లకు కండోనేషన్ ఇస్తారు. దానికి సరైన కారణం, మెడికల్ సర్టిఫికెట్ కావాలి. ఫీజు కూడా కట్టాలి. 65 కంటే తగ్గితే మాత్రం డిటెన్షనే. ఎగ్జామ్ రాయనివ్వరు. అదే సెమిస్టర్ మళ్లీ వచ్చేదాకా ఆగాలి, అంటే దాదాపు ఏడాది పోయినట్టే. ఫీజు రీయింబర్స్‌మెంట్ మీద చదివేవాళ్లకు ఇది ఇంకా పెద్ద దెబ్బ. ఆ పథకానికీ 75 శాతం హాజరే కొలమానం మరి.

ఇంకో తిరకాసు ఉంది. చాలా కాలేజీల్లో అటెండెన్స్ పీరియడ్ల లెక్కన వేస్తారు. ల్యాబ్ ఎగ్గొడితే ఒకే దెబ్బకు రెండు మూడు పీరియడ్లు ఎగిరిపోతాయి. అందుకే నెలకోసారి ఆఫీసులోనో, కాలేజీ పోర్టల్‌లోనో పర్సెంటేజ్ చూసుకోవడం మంచిది. సార్ పొరపాటున ఆబ్సెంట్ వేసినా ఆ వారంలో చెబితే సరిచేస్తారు. మూడు నెలల తర్వాత అడిగితే ఎవరికి గుర్తుంటుంది?

మిడ్స్ లెక్క రెండు చోట్లా ఒకటి కాదు

హైదరాబాద్ జేఎన్టీయూ ఆర్‌-22 రెగ్యులేషన్‌లో ఇంటర్నల్స్‌కు 40, సెమిస్టర్ ఎగ్జామ్‌కు 60 మార్కులు. ఇంటర్నల్స్‌లో 14, మెయిన్ ఎగ్జామ్‌లో 21 తెచ్చుకోవాలి, మొత్తం మీద కనీసం 40 రావాలి. రెండు మిడ్స్ సగటు తీస్తారు కాబట్టి మొదటి మిడ్ పోగొట్టుకుంటే రెండోదాంట్లో ఎంత రాసినా పూర్తిగా పూడదు. ఏపీలో కాకినాడ జేఎన్టీయూ పద్ధతి వేరు. అక్కడ ఇంటర్నల్స్‌కు 30, బయటి పరీక్షకు 70. రెండు మిడ్స్‌లో ఎక్కువ వచ్చినదానికి 80 శాతం, తక్కువ వచ్చినదానికి 20 శాతం వెయిటేజీ ఇస్తారు. అటానమస్ కాలేజీలైతే ఎవరి రూల్స్ వాళ్లవి. సీనియర్ చెప్పాడని నమ్మేయకుండా తమ బ్యాచ్ రెగ్యులేషన్స్ బుక్ ఒకసారి తిరగేయడం ఉత్తమం. ఎందుకంటే ఆ సీనియర్ చదివింది పాత రెగ్యులేషన్ కావచ్చు.

మొదటి వారంలోనే ఈ పనులు

యూనివర్సిటీ వెబ్‌సైట్‌లో అకడమిక్ క్యాలెండర్ ఉంటుంది. మిడ్స్ తేదీలు, క్లాసుల చివరి రోజు, ప్రాక్టికల్స్, సెమిస్టర్ ఎగ్జామ్స్ అన్నీ అందులోనే ఇస్తారు. వాటిని ఫోన్ క్యాలెండర్‌లో రిమైండర్లుగా పెట్టుకుంటే పది నిమిషాల పని. ఎగ్జామ్ ఫీజు గడువు నోటిఫికేషన్ మాత్రం తర్వాత విడిగా వస్తుంది. దాన్ని మిస్సయితే లేట్ ఫీజు వందలతో మొదలై వేలకు చేరుతుంది. బ్యాక్‌లాగ్స్ ఉన్నవాళ్లు సప్లిమెంటరీ ఫీజు తేదీలు కూడా కనిపెట్టుకుని ఉండాలి.

సిలబస్ కాపీ ప్రింట్ తీసుకోవడం పాత పద్ధతే అయినా ఇప్పటికీ పనికొస్తుంది. అయిపోయిన టాపిక్ పక్కన టిక్ పెట్టుకుంటూ పోతే ఏ యూనిట్‌లో వెనకబడ్డారో ఇట్టే తెలుస్తుంది. పాత క్వశ్చన్ పేపర్లు రెండు మూడు ముందే చూస్తే ఏ యూనిట్ నుంచి ఎలాంటి ప్రశ్నలు వస్తున్నాయో అర్థమవుతుంది. గ్రూపులో పడే పీడీఎఫ్‌ల విషయానికొస్తే.. సబ్జెక్టుకో ఫోల్డర్ లేకపోతే మిడ్ ముందు రాత్రి గుడ్ మార్నింగ్ మెసేజ్‌ల మధ్య వెతుక్కోవాల్సిందే. ల్యాబ్ రికార్డు ఏ వారానిది ఆ వారం రాసి సంతకం పెట్టించుకుంటే చివర్లో పరుగులు తప్పుతాయి.

ఎన్‌పీటీఈఎల్ కోర్సు చేయాలనుకునేవాళ్లకు కూడా ఇదే టైమ్. జనవరి, జూలైలలో మొదలయ్యే ఈ కోర్సులు చూడటం ఉచితం. సర్టిఫికెట్ కావాలంటే మాత్రం ఫీజు కట్టి, సెంటర్‌కు వెళ్లి పరీక్ష రాయాలి. వారం వారం ఇచ్చే అసైన్‌మెంట్లకు 25 శాతం, పరీక్షకు 75 శాతం వెయిటేజీ ఉంటుంది. ఎన్‌రోల్‌మెంట్ సెమిస్టర్ మొదట్లోనే క్లోజ్ అవుతుంది. చాలా కాలేజీలు క్రెడిట్స్ కూడా ఇస్తున్నాయి కాబట్టి ఏ కోర్సుకు ఇస్తారో డిపార్ట్‌మెంట్‌లో అడిగాకే రిజిస్టర్ చేసుకోవాలి.