పురమందిరాల పునరుద్ధరణ: మద్రాసు విక్టోరియా పబ్లిక్ హాలు అనుభవం

(ప్రత్యేక వ్యాసం)

బాపట్ల: ప్రథమ ఆంధ్ర మహాసభ 1913 మే మాసంలో బయ్యా నరసింహేశ్వర శర్మ అధ్యక్షతన బాపట్ల పట్టణంలో జరిగినది. తెలుగు నాటకరంగంలో స్త్రీ పాత్రధారణకు పర్యాయపదంగా నిలిచిన స్థానం నరసింహారావు 1902లో జన్మించినదీ ఇక్కడనే. ఆయన నటజీవితం వికసించినది సమీపంలోని తెనాలి రామవిలాస సభలో. 1956లో పద్మశ్రీ పురస్కారం ఆయనను వరించినది. మహాసభకైనను, నాటకానికైనను ముందుగా కావలసినది పదిమంది కూర్చొనుటకు తగిన చోటు. ఆ అవసరం తీర్చుటకే పందొమ్మిదవ శతాబ్దపు చివరి భాగంలో పట్టణ ప్రముఖులు చందాలు వేసుకొని పురమందిరాలు నిర్మింపజేసిరి. రాజమహేంద్రవరంలో కందుకూరి వీరేశలింగం పంతులు 1890లో నిర్మించిన పురమందిరం వీటిలో సుప్రసిద్ధమైనది.

2022 ఏప్రిల్ 4న బాపట్ల జిల్లా ఏర్పడినది. జిల్లా కేంద్రంలో సభలు, ప్రదర్శనలు, అధికారిక కార్యక్రమాలు పెరుగుట సహజం. వాటికై కొత్త ప్రాంగణాలు నిర్మించవలెనా, ఉన్న పాత భవనాలను బాగుచేసుకొనవలెనా అను ప్రశ్న ఇటువంటి పట్టణాలన్నింటిలోను ఎదురగుచున్నది. ఈ విషయంలో పాత్రికేయులకు, అధికారులకు ఉపకరించే ఉదాహరణ చెన్నైలోని విక్టోరియా పబ్లిక్ హాలు. 1953 వరకు గుంటూరు సీమ మద్రాసు రాష్ట్రంలో అంతర్భాగం. ఆ హాలు చరిత్రలో తెలుగువారి పాత్ర కూడ తక్కువది కాదు.

మద్రాసు నగరానికి ఒక పురమందిరం అవసరమని 1882లో పౌరులు సమావేశమై తీర్మానించి, ధర్మకర్తల సంఘమును ఏర్పరచిరి. 1883 డిసెంబరులో విజయనగర సంస్థానాధీశుడు పూసపాటి ఆనంద గజపతిరాజు శంకుస్థాపన చేసిరి. భవనమునకు రూపకల్పన చేసినది రాబర్ట్ చిషోమ్. కట్టినది ప్రసిద్ధ గుత్తేదారు తాటికొండ నంబెరుమాళ్ చెట్టి. మద్రాసు హైకోర్టు భవనం కట్టినదీ ఆయనయే. పేరులో తమిళపు ఛాయ ఉన్నను, ఇంటిపేరు మాత్రం అచ్చ తెలుగు. విక్టోరియా రాణి పాలన స్వర్ణోత్సవానికి గుర్తుగా హాలుకు ఆమె పేరు పెట్టిరి.

ఎర్ర ఇటుక, గానుగ సున్నంతో ఇండో సారసెనిక్ శైలిలో నిర్మించిన ఈ రెండంతస్తుల భవనం సెంట్రల్ రైల్వే స్టేషనుకు, రిప్పన్ భవనానికి నడుమ నిలిచి ఉన్నది. కింద ఒకటి, పైన ఒకటిగా రెండు పెద్ద సభాశాలలు. ఒక్కొక్క దానిలో సుమారు 600 మంది కూర్చొనవచ్చును. అదనంగా కొయ్యతో చేసిన గ్యాలరీ ఒకటి. ధ్వనివర్ధకాలు లేని రోజులలో వక్త కంఠం చివరి వరుసకు వినబడవలెనన్నచో ఇంతకు మించిన పరిమాణం పనికిరాదు. నేడు వేలమందికి సరిపడు ప్రాంగణాలకు అలవాటు పడిన మనకు 600 స్వల్పముగా తోచవచ్చును గాని, జిల్లా స్థాయిలో జరిగే పుస్తకావిష్కరణలకు, నాటక పోటీలకు, సంస్మరణ సభలకు నిజముగా వచ్చే జనం అంతకంటె తక్కువయే. ఉద్యోగరీత్యా ఇటువంటి సభలకు మూడు దశాబ్దాలుగా హాజరగుచున్న ఈ వ్యాసకర్తకు నిండిన హాళ్ళ కంటె ఖాళీ కుర్చీలే ఎక్కువగా గుర్తున్నవి.

హాలు వినియోగం ఎంత విస్తృతమైనదో కొన్ని సంఘటనలు తెలుపును. బళ్ళారి నుండి ధర్మవరం రామకృష్ణమాచార్యుల సరస వినోదినీ సభ 1891లో మద్రాసు వచ్చి తెలుగు నాటకాలు ప్రదర్శించగా, వాటిని చూచి ఉత్తేజితుడైన పమ్మల్ సంబంధ ముదలియార్ అదే సంవత్సరం సుగుణ విలాస సభను స్థాపించెను. తమిళ నాటకరంగాన్ని మలుపు తిప్పిన ఆ సభకు దశాబ్దాల పాటు విక్టోరియా హాలే నెలవు. 1897 ఫిబ్రవరిలో స్వామి వివేకానంద ఇక్కడ ఉపన్యసించిరి. 1916 నవంబరు 20న టి.ఎం.నాయర్, పిట్టి త్యాగరాయ చెట్టి మొదలగు నాయకులు సమావేశమై జస్టిస్ పార్టీకి పునాది వేసినదీ ఇక్కడనే. మచిలీపట్నంలో జన్మించి తెలుగు చలనచిత్ర పితామహుడుగా పేరొందిన రఘుపతి వెంకయ్య నాయుడు, క్రోనోమెగాఫోను యంత్రం కొని తెచ్చి ఈ హాలులో లఘు చిత్రాలను ప్రదర్శించిరి. ఒక వారం నాటకం, మరొక వారం రాజకీయ సభ, వేరొక వారం బయస్కోపు! ఒకే పనికి కట్టుబడకుండుటయే ఆ హాలుకు బలమైనది.

ఇంతటి భవనం ఎట్లు మూతబడినది? వానలకు తడిసి, ఎండలకు ఎండి శిథిలమైనదని చెప్పుట సులభం. కాని కాగితాలు చూచిన మరొక కారణం కనబడును. హాలు నిలిచిన స్థలం నగరపాలక సంస్థది. పీపుల్స్ పార్కులోని 57 గ్రౌండ్ల భూమిని, అనగా మూడెకరాల పైచిలుకు, 1886 ఏప్రిల్ 1 నుండి 99 సంవత్సరాల కౌలుకు ఇచ్చిరి. కౌలు గ్రౌండుకు ఏటా ఎనిమిది అణాలు, మొత్తం 28 రూపాయల పైచిలుకు. నూరేళ్ళలో ఆ మొత్తానికి విలువ నశించినది. కౌలు గడువు 1985లో తీరినది. ఆ తరువాత భవనం ఎవరిది, మరమ్మతు ఎవరి బాధ్యత, ఆవరణలో వెలసిన వ్యాపారాల ఆదాయం ఎవరికి చెందవలెను అను వివాదాలు న్యాయస్థానాలకెక్కినవి. తీర్పులు వచ్చులోపల కప్పు కారుచునే ఉన్నది. పక్కనే మెట్రో రైలు పనులు సాగుట వలన మరికొంత కాలం గడచినది. తుదకు చెన్నై మహానగర పాలక సంస్థ 32 కోట్ల రూపాయలకు పైబడిన అంచనాతో, భవనమును తిరిగి కళా ప్రదర్శనలకు అనువుగా తీర్చిదిద్దు పనిని 2023లో చేపట్టినది.

ఈ అనుభవం నుండి మన పట్టణాల అధికారులు గ్రహించదగిన అంశాలలో మొదటిది స్థలం దస్తావేజు. సర్వే నంబరు, దానపత్రం, కౌలు గడువు, ధర్మకర్తల జాబితా తేలకుండా రంగులు వేయుట, కుర్చీలు కొనుట వృథా ప్రయాస. చందాలతో కట్టిన భవనాలలో ఈ చిక్కు మరింత ఎక్కువ. దాత ఒకరు, స్థలం ఇచ్చినది మరొకరు, నడుపునది ఇంకొక సంఘం. తరాలు మారిన కొలది సంఘంలో సభ్యులు తగ్గి, తాళంచెవి మాత్రమే మిగులును.

నిర్మాణ విషయానికి వచ్చిన, సున్నపు గోడకు సిమెంటు పూత పరమ శత్రువు. సున్నం చెమ్మను పీల్చి తిరిగి విడుచును. సిమెంటు దానిని లోపలనే బంధించును. ఉప్పుగాలి వీచే తీర ప్రాంతంలో ఇట్లు పూసిన గోడలు కొద్ది ఏండ్లకే పెచ్చులూడును. సన్న ఇటుకలను టేకు దూలాలపై నిలువుగా పేర్చి సున్నంతో కప్పిన పాత మిద్దెలపై నీళ్ళ ట్యాంకులు, శీతల యంత్రాలు ఎక్కించుట మరింత ప్రమాదకరం. గానుగ సున్నం తెలిసిన మేస్త్రీలు నేడు అరుదుగా దొరకుచున్నారు. కనుక అంచనాలు వేయునప్పుడే వారికి తగిన కూలీ చూపవలెను. మామూలు రేట్ల పట్టికతో టెండరు పిలిచినచో వచ్చునది సిమెంటు పనియే.

సభల కొరకు తప్పనిసరిగా చేర్చవలసినవి కొన్ని ఉన్నవి. మరుగుదొడ్లు, రెండవ నిష్క్రమణ ద్వారం, అగ్నిమాపక ఏర్పాట్లు, వృద్ధులకు, దివ్యాంగులకు ర్యాంపు, కొత్త విద్యుత్తు తీగలు. వీటిని ప్రధాన భవనంలో ఇరికించక, వెనుక ప్రత్యేకంగా చిన్న కట్టడంలో అమర్చుట మేలు. చారిత్రక కట్టడాన్ని సమాజానికి ఉపకరించే పనికి వినియోగించుట దాని పరిరక్షణకు తోడ్పడునని, అయితే ఆ వినియోగం కట్టడపు అమరికను, అలంకరణను మార్చరాదని 1964 నాటి వెనిస్ ప్రకటన పేర్కొన్నది. 1960 నాటి రాష్ట్ర పురావస్తు చట్టం కింద రక్షిత కట్టడంగా ప్రకటింపబడని భవనానికి చట్టరీత్యా ఆ రక్షణ లేదు. అట్టిచోట పురపాలక సంఘం తీర్మానమే దిక్కు.

అద్దె విషయం అన్నింటికంటె సున్నితమైనది. వివాహాలకు ఇచ్చిన ఆదాయం వచ్చును. వంటల పొగ, అలంకరణ మేకులు, అర్ధరాత్రి శబ్దం వెంట వచ్చును. ఇవ్వకున్న, విద్యుత్తు బిల్లుకైనను డబ్బు చాలదు. పూర్తిగా వివాహ మంటపమైపోయిన హాలులో ఊరి నాటక సమాజానికి తేదీ దొరకదు, దొరికినను అద్దె భరించలేదు. వంటను ఆవరణ వెలుపలికి పరిమితం చేసి, నెలలో కొన్ని దినాలు స్థానిక సాహిత్య, నాటక సంస్థలకు నామమాత్రపు రుసుముపై కేటాయించి, ఆ దినాలను ముందుగానే నోటీసు బోర్డుపై ప్రకటించుట ఒక మధ్యేమార్గం. ఈ నిబంధనను భవనం ప్రారంభించిన తరువాత కాక, కౌలు ఒప్పందంలోనే వ్రాయవలెను.

వేరొక మార్గం విజయవాడలో కనబడును. అదే స్వర్ణోత్సవం సందర్భంగా 1887 జూన్ 27న నాటి కృష్ణా జిల్లా కలెక్టరు రాబర్ట్ సూయల్ శంకుస్థాపన చేసిన విక్టోరియా జూబిలీ భవనం మొదట పారిశ్రామిక ప్రదర్శనలకు ఉద్దేశించినది. 1921లో అఖిల భారత కాంగ్రెసు సమావేశాల సందర్భంగా పింగళి వెంకయ్య మహాత్మా గాంధీకి పతాక నమూనాను సమర్పించిన ఘట్టం ఈ భవనంతో ముడివడి ఉన్నది. 1962లో ఇది పురావస్తు ప్రదర్శనశాలగా మారినది. చాలాకాలం మూతబడి, 2020లో బాపు మ్యూజియంగా తిరిగి తెరచుకొన్నది. భవనం దక్కినది, సభలు మాత్రం వేరే చోట్లకు తరలిపోయినవి.