బాలింత పథ్యమూ తెల్లన్నమూ: గోదావరి డెల్టా మరచిపోయిన ఒక వ్యాధి

గోదావరి జిల్లాలలో తొలి కాన్పు పుట్టింట జరగడం ఆచారం. పురుటికి తీసుకువచ్చిన కూతురిని, బిడ్డ పుట్టిన మూడవ నెలలోనో ఐదవ నెలలోనో సారె పెట్టి అత్తవారింటికి సాగనంపేవారు. ఈ మధ్యకాలంలో ఆమె తిండి, నిద్ర, స్నానం, చివరకు కిటికీ తెరవడం కూడా తల్లి, అమ్మమ్మ, మంత్రసానుల ఆజ్ఞకు లోబడి ఉండేవి. గాలి చొరని గది, మంచం పక్కన కుంపటి, తడి జుట్టుకు సాంబ్రాణి పొగ, చెవులలో దూది, నడుముకు బిగించి చుట్టిన పాత చీర. పదకొండవనాడు పురిటి స్నానం, ఇరవై ఒకటవనాడు బాలసారె. ఆ తరువాతే బాలింత నూతి దగ్గరకు వచ్చి చేద వేసేది.

ఆహారం విషయంలో కట్టడి మరింత గట్టిది. ముందుగా కాయం ముద్ద. శొంఠి, పిప్పళ్ళు, మిరియాలు, వాము వంటివి దంచి బెల్లంతోనూ నేతితోనూ కలిపి చేసినది. ఆ తరువాత పాత బియ్యపు అన్నం, వెల్లుల్లి కారం, నెయ్యి. పప్పు వాతమని, పెరుగు జలుబని, ఆకుకూర తింటే బిడ్డకు విరేచనాలవుతాయని, గుమ్మడీ వంకాయా చింతపండూ పనికిరావని నిషేధాలు. మంచినీళ్ళు కూడా కొలిచి ఇచ్చిన ఇళ్ళున్నాయి. కులాన్ని బట్టి, ఇంటి స్థితిని బట్టి తేడాలుండేవి. కూలికి పోక తప్పని తల్లికి ఇరవై ఒక్క రోజుల గది ఎక్కడిది? కాని కలిగిన ఇళ్ళలో ఈ పథ్యం వారాల తరబడి నడిచేది, కొన్నిచోట్ల మూడు నెలలూ నడిచేది.

ఈ ఆచారాలన్నింటినీ మూఢత్వమని తోసివేసే వైద్యులతో నేను ఏకీభవించను. అలసిన తల్లికి విశ్రాంతి, ఇంటిపని నుండి విముక్తి, ఎవరు పడితే వారు బిడ్డను తాకకుండా కొన్నాళ్ళ ఏకాంతం ఇందులో ఉన్నాయి. నీరు తగ్గించడం మాత్రం ఏ కాలంలోనూ మంచిది కాదు. ఇప్పుడు చెప్పబోయేది వీటన్నింటికంటె కనిపించని సంగతి. అది పళ్ళెంలోని అన్నానికి సంబంధించినది.

పురిటి గది ప్రమాదాలనగానే చరిత్రకారులు రెండింటిని చెబుతారు. తల్లికి సూతికా జ్వరం, బిడ్డకు బొడ్డు ద్వారా సోకే ధనుర్వాతం. మొదటిదానికి చేతులు కడుక్కోవడమే మందు అని వియన్నా నగరంలో సెమ్మెల్‌వైస్ 1847లో చూపాడు. రెండవదానిని గర్భిణులకు టీకాలు, శుభ్రమైన కాన్పులు జయించాయి. నవజాత శిశువుల ధనుర్వాతాన్ని నిర్మూలించిన రాష్ట్రంగా ఆంధ్రప్రదేశ్ 2003లోనే, దేశంలో మొట్టమొదటగా, గుర్తింపు పొందింది. దేశమంతటికీ ఆ గుర్తింపు 2015లో దక్కింది. ఈ రెండు కథలూ పలుమార్లు చెప్పబడినవే. మూడవ ప్రమాదం గురించి మన ప్రాంతంలోనే ఎవరూ మాట్లాడరు.

దాని తీరు విచిత్రమైనది. పురుడు సుఖంగా జరుగుతుంది. తల్లికి పాలు సమృద్ధిగా పడతాయి. బిడ్డ బొద్దుగా, చూడముచ్చటగా పెరుగుతుంది. రెండవ నెల దాటి, అయిదవ నెల లోపల ఒకనాడు ఆ బిడ్డ పాలు కక్కుతుంది, చిరాకు పడుతుంది, నిద్రపోదు. గొంతు బొంగురుపోతుంది. ఒక్కొక్కప్పుడు ఏడుస్తున్నట్లు ముఖం కనిపిస్తుంది గాని శబ్దం రాదు. ఆయాసం మొదలవుతుంది, పెదవులు నీలిరంగుకు తిరుగుతాయి. గుండె విఫలమై గంటలలోనే, లేదా ఒకటి రెండు రోజులలో ప్రాణం పోతుంది. బక్కచిక్కిన బిడ్డ పోతే ఆకలి అనుకోవచ్చు. నిండుగా ఉన్న బిడ్డ పోతే ఏమనుకోవాలి? దిష్టి అన్నారు, బాలగ్రహమన్నారు, పక్షిదోషమన్నారు. బిడ్డతో అత్తవారింటికి పోయే మూడవ నెల, అయిదవ నెల సరిగ్గా ఈ వ్యాధి కాలమే కావడం వలన నింద ప్రయాణం మీదికో, వేళగాని వేళ మీదికో, కొత్తగా బిడ్డను చూసినవారి కళ్ళ మీదికో పోయేది. తల్లి పాలు బిడ్డకు పడలేదన్న మాట కూడా వినవచ్చేది. ఆ మాటలో సగం నిజముందని తరువాతి కాలంలో తేలింది.

దీని పేరు శిశువుల బెరిబెరి. కారణం థయమిన్ అనే బి1 విటమిన్ లోపం. తల్లి ఆహారంలో అది లేకుంటే పాలలోనూ ఉండదు. పాల పరిమాణం మాత్రం తగ్గదు. తల్లి పైకి ఆరోగ్యంగానే కనిపిస్తుంది. కాళ్ళ తిమ్మిర్లు, పాదాల మంట, కొద్దిగా వాపు ఉంటే బాలింత వాతమని సరిపెట్టుకునేవారు.

మన తీరానికీ బెరిబెరికీ గల సంబంధం చాలా పాతది. మద్రాసు వైద్యశాఖకు చెందిన జాన్ గ్రాంట్ మాల్కంసన్ 1835లోనే ఈ వ్యాధిపై ఒక గ్రంథం ప్రచురించాడు. అందులో అతడు చర్చించిన ముఖ్య ప్రాంతం ఉత్తర సర్కారులు, అనగా గంజాం నుండి గుంటూరు వరకు గల మన కోస్తా. అప్పటికి ఇక్కడ బియ్యపు మరలు లేవు గనుక నేరమంతా మరలదే అనడం తగదు. అయితే ఆ తరువాతి వందేళ్ళలో జరిగిన మార్పు చిన్నది కాదు. 1847లో ఆర్థర్ కాటన్ మొదలుపెట్టిన ధవళేశ్వరం ఆనకట్ట 1852 నాటికి పూర్తయింది. డెల్టా వరి సముద్రమైంది. ఇరవయ్యవ శతాబ్దం వచ్చేసరికి పట్టణాలలోనూ పెద్ద గ్రామాలలోనూ మరలు వెలిసి, రోకలి చేసే పనిని అందుకున్నాయి.

రోకటి దంపులో పొట్టు పోతుంది గాని తవుడు పొర కొంత మిగులుతుంది. మర దానిని పూర్తిగా చెక్కివేసి, మెరుగు పెట్టి ఇస్తుంది. బి1 ఉండేది ఎక్కువగా ఆ తవుడులోనూ మొలక భాగంలోనూ. తవుడు పశువులకు, తెల్లబియ్యం మనుషులకు. గోదావరి పశువులకు బెరిబెరి రాలేదు!

ఇక్కడొక ప్రశ్న రావాలి. తమిళ జిల్లాలలోనూ మరలున్నాయి, అక్కడా అన్నమే తింటారు. మరి ఆ వ్యాధి ఉత్తర సర్కారులలోనే ఎందుకు పాతుకుపోయింది? దీనికి సమాధానం కూనూరులోని పోషకాహార పరిశోధనాలయం నుండి వచ్చింది. మెకారిసన్, నారిస్ అనే శాస్త్రజ్ఞులు 1924లోనూ, ఎయిక్రాయిడ్ బృందం 1940లోనూ బియ్యానికీ ఈ వ్యాధికీ గల సంబంధంపై విస్తృతమైన నివేదికలు వెలువరించారు. తమిళ జిల్లాలలో వాడుక ఉప్పుడు బియ్యం. ధాన్యాన్ని నానబెట్టి, ఉడికించి, ఎండబెట్టి, ఆ తరువాత మర పట్టిస్తారు. ఉడికేటప్పుడు పై పొరలోని విటమిన్ గింజ లోపలికి చేరుతుంది. అప్పుడు పైపొర చెక్కినా లోపలిది మిగులుతుంది. సర్కారు జిల్లాలవారికి పచ్చిబియ్యమే ప్రీతి. ఉప్పుడు బియ్యం వాసన, రంగు మనవారికి నచ్చలేదు. ఎయిక్రాయిడ్, కృష్ణన్‌లు 1941లో మద్రాసు రాజధానిలోని బెరిబెరి ప్రాంతపు శిశుమరణాలపై ప్రత్యేకంగా ఒక వ్యాసం ప్రచురించారు. చావుల లెక్కలలో ఈ వ్యాధి పేరు ఎక్కకపోయినా దాని వాటా ఉన్నదని వైద్యలోకానికి తెలిసింది ఇటువంటి పరిశీలనల వల్లనే.

ఒక్క లెక్క చూడండి. మన జాతీయ పోషకాహార సంస్థ పాత పట్టికల ప్రకారం 100 గ్రాముల దంపుడు పచ్చిబియ్యంలో బి1 0.21 మిల్లీగ్రాములు, మర పట్టిన ఉప్పుడు బియ్యంలోనూ 0.21; మర పట్టిన పచ్చిబియ్యంలో 0.06. తవుడులో 2.7. పాలిచ్చే తల్లికి రోజుకు సుమారు 2 మిల్లీగ్రాములు కావాలి. బాలింత రోజుకు 400 గ్రాముల బియ్యం తిన్నదనుకుంటే, దంపుడు బియ్యం నుండి 0.84 వస్తుంది, తెల్లబియ్యం నుండి 0.24. అదైనా కడుగునీళ్ళలో కొంత, వార్చిన గంజిలో మరికొంత పోగా మిగిలినది. లోటును పూరించవలసినవి పప్పు, కూరలు, పాలు, మాంసం. పథ్యం పేరిట వాటిలో చాలావాటిని ఆమెకు దూరం చేశారు. శరీరంలో బి1 నిల్వ రెండు మూడు వారాలకు మించి ఆగదు. అంటే బాలసారె నాటికి తల్లి నిల్వ అడుగంటుతుంది, ఆ తరువాత బిడ్డ తాగే పాలలో ఆ విటమిన్ పలచబడుతుంది.

పథ్యం ఒక్కటే అయితే ఇంత చేటు చేసేది కాదు, తెల్లబియ్యం ఒక్కటే అయినా ఇతర తిండి కాపాడేది. రెండూ ఒక పళ్ళెంలో కలిశాయి. కలిపినది ఎవరో కాదు, కన్నతల్లి. ఇంట్లో ఉన్న బియ్యంలో సన్ననిది, తెల్లనిది, పాతది ఏరి కూతురి కోసం దాచిపెట్టింది. ముతక దంపుడు బియ్యం పనివారికి వండింది. ఆ రోజుల్లో ప్రేమకు కొలమానం బియ్యపు తెలుపు. నెలల బిడ్డ పోయినప్పుడు ఆ ఇంటివారు దేనినైనా అనుమానించారు గాని, ఆ బియ్యాన్ని అనుమానించే అవకాశమే లేదు.

అందుకని మరలను తిట్టి రోకళ్ళను కీర్తించే ధోరణి కూడా నాకు నచ్చదు. ఆ రోకలి పట్టిన చేతులు ఆడవారివే. నిండు నెలలతోనూ దంచినవారున్నారు, పురిటి మైల తీరీ తీరకముందే రోటి దగ్గరకు వచ్చినవారున్నారు. మర వచ్చి వారి నడుములకు ఊరట ఇచ్చింది. ఆ ఊరటకు ఇంత ధర ఉంటుందని చెప్పగలవారు అప్పటికి లేరు.

ఈ వ్యాధి రహస్యం విప్పినవారిలో ఒకరు పుట్టింది తెలుగునేల మీదనే అన్న సంగతి చాలామందికి తెలియదు. రాబర్ట్ రన్నెల్స్ విలియమ్స్ 1886లో నెల్లూరులో, అమెరికన్ బాప్టిస్టు మిషనరీ దంపతులకు జన్మించాడు. రసాయన శాస్త్రజ్ఞుడై ఫిలిప్పీన్స్‌లో పనిచేస్తుండగా, 1910లో ఎడ్వర్డ్ వెడ్డర్ అనే సైనిక వైద్యుడు తవుడు నుండి తీసిన సారాన్ని అతని చేతికిచ్చి, ఇందులో ఉన్న గుణమేమిటో తేల్చమన్నాడు. మరణించబోతున్న చంటిబిడ్డ నోట్లో ఆ సారం చుక్కలు వేయగా కొద్ది గంటలలోనే తేరుకోవడం అతడు కళ్ళారా చూశాడు. అప్పటినుండి పాతికేళ్ళకు పైగా దాని వెంటపడి, 1936లో థయమిన్‌ను కృత్రిమంగా తయారు చేయగలిగాడు. అంతకుముందే బటావియాలో ఐక్‌మన్ తెల్లబియ్యం తిన్న కోళ్ళ కాళ్ళు పడిపోవడం గమనించి దారి చూపాడు. 1926లో యాన్సెన్, డొనాత్‌లు ఆ విటమిన్ స్ఫటికాలను వేరుచేశారు. మన పశువుల కుడితిలో కలిసిన తవుడు, లోకానికి ఒక విటమిన్ అయింది.

అయితే గోదావరి పథ్యంలో బిడ్డను కాపాడిన పదార్థాలూ ఉన్నాయని చెప్పకపోతే అన్యాయమవుతుంది. పాలు పడతాయని బాలింతకు పెట్టే తెలగపిండి కూర అటువంటిది. నువ్వుల నూనె తీయగా మిగిలిన ఆ పిండిలో మాంసకృత్తులతోపాటు బి1 కూడా చెప్పుకోదగినంత ఉంటుంది. దానిలో మునగాకు కలిపితే సున్నమూ ఇనుమూ చేరుతాయి. తీరగ్రామాలలో వండే సొర పుట్టు కూడా పాలకోసమే. తెలగపిండి పేదల కూర అని చిన్నచూపు చూసిన ఇళ్ళకంటె, అది బాలింతకు తప్పదని పట్టుబట్టిన ఇళ్ళే బిడ్డల విషయంలో అదృష్టవంతమైనవి. వెల్లుల్లి సంగతి మరీ చమత్కారం. వెల్లుల్లిలోని పదార్థం బి1తో కలిసి సులువుగా ఒంటబట్టే రూపాన్నిస్తుందని జపాన్‌లో ఫుజివారా బృందం 1950ల తొలినాళ్ళలో కనుగొంది. కాని కలవడానికి ముందు అన్నంలో బి1 ఉండాలి గదా!

తరువాతి దశాబ్దాలలో ఈ వ్యాధి మన ప్రాంతంలో దాదాపు కనుమరుగైంది. ఏ ఉద్యమమూ దానిని తరిమివేయలేదు. పప్పు, గుడ్డు, పాలు, గోధుమ రొట్టె, ఇడ్లీ పళ్ళెంలోకి వచ్చాయి. ఆసుపత్రులు బి కాంప్లెక్స్ మాత్రలు అలవాటు చేశాయి. పథ్యం కాలం కుదించుకుపోయింది. కనుక దాని పేరు వైద్య విద్యార్థులకు పరీక్షలో వచ్చే ప్రశ్నగా మిగిలింది. ప్రమాదమంతా అక్కడే ఉంది. గత పదిహేనేళ్ళలో కశ్మీరులోనూ కొన్ని ఈశాన్య రాష్ట్రాలలోనూ, తల్లిపాలు మాత్రమే తాగుతున్న నెలల బిడ్డలు హఠాత్తుగా ఆయాసంతోనూ గుండె వైఫల్యంతోనూ ఆసుపత్రులకు వచ్చారు. తల్లులు తినేది మెరుగు పెట్టిన బియ్యం, అందుకు తోడు బాలింత పథ్యం. థయమిన్ సూది ఇచ్చిన గంటలలోనే చాలామంది కోలుకున్నారని అక్కడి వైద్యులు రాశారు. అనుమానించనిచోట ఆ సూది ఎవరూ ఇవ్వరు.

బలవర్ధక బియ్యంలో తప్పనిసరిగా కలిపేవి ఇనుము, ఫోలిక్ ఆమ్లం, బి12. బి1 కలపడం ఐచ్ఛికం మాత్రమే. కాబట్టి ఆ బియ్యం తింటున్నాం గనుక చాలునని బాలింత పప్పు మానివేయరాదు. పప్పు, గుడ్డు లేదా చేప, ఆకుకూర, పాలు మొదటి రోజు నుండే పెట్టవచ్చు. దాహమైనన్ని నీళ్ళు ఇవ్వాలి. అన్నాన్ని అత్తెసరుగా వండితే గంజితో పోయేది నిలుస్తుంది. కాయం ముద్ద పెట్టుకోండి, తెలగపిండి తప్పక వండండి. రెండు నుండి అయిదు నెలల బిడ్డకు గొంతు బొంగురుపోయి, పాలు కక్కుతూ, ఆయాసపడుతుంటే దిష్టి తీసే వ్యవధి కూడా లేదు. వెంటనే ఆసుపత్రికి తీసుకువెళ్ళి, తల్లి ఏమి తింటున్నదో వైద్యునికి చెప్పండి. తల్లిపాలు మాన్పించవద్దు. బి1 తల్లికీ ఇస్తే ఆమె పాలే బిడ్డకు మందు.

ఈనాటికీ కేరళవారు తినే ఉప్పుడు బియ్యంలో చాలా భాగం మన తూర్పు గోదావరి మరలనుండే పోతుంది. ‘బొండాలు’ రకం ధాన్యాన్ని ఇక్కడే పండించి, ఇక్కడే ఉడికించి, ఇక్కడే మర పట్టి, లారీలకెత్తి పంపుతాము. మన బాలింతకు మాత్రం తెల్లని సన్నబియ్యమే వండుతాము.