ఇండెక్స్ ఫంక్షన్‌తో శ్రేణి నిర్మాణం

స్థాన సంఖ్య ఇస్తే ఆ స్థానంలోని విలువను లెక్కగట్టి ఇచ్చే ఫంక్షన్ చేతిలో ఉంటే, విలువలన్నిటినీ ముందే జాబితాగా రాసి పెట్టుకోనక్కర లేదు. లూప్ అడిగినప్పుడల్లా ఒక్కొక్కటీ పుట్టించవచ్చు. ఇలాంటి శ్రేణికి ఆ ఫంక్షన్, ఎక్కడ ఆగాలో చెప్పే పొడవు ఉంటే చాలు. పొడవు చెప్పకపోతే శ్రేణి అనంతం.

తెలుగువాళ్ళకు దీని పాత రూపం ఛందస్సులో దొరుకుతుంది. 13వ శతాబ్దంలో నెల్లూరును ఏలిన మనుమసిద్ధి కొలువులో ఉన్న తిక్కన, మధ్యలో వచనమన్నదే లేకుండా నిర్వచనోత్తర రామాయణం రాసి, ఆ తర్వాత భారతంలో 15 పర్వాలు తెనిగించాడు. ఆయన పద్యాల్లో విరివిగా కనిపించే ఉత్పలమాలకు పాదానికి 20 అక్షరాలు. ప్రతి చోటా గురువో (రెండు మాత్రల అక్షరం) లఘువో (ఒక మాత్ర అక్షరం) పెడుతూ పోతే మొత్తం 10,48,576 అమరికలు వస్తాయి. ఆ వరుసలో ఉత్పలమాలది 3,55,799వ స్థానం. ఛందస్సు పుస్తకాల్లో ఈ సంఖ్య అచ్చై ఉన్నా, పద్యం మీదే ధ్యాస ఉన్న పాఠకుడు దాన్ని పట్టించుకోడు.

అమరికలన్నీ క్రమంగా రాయడం ప్రస్తారం. సంఖ్యను బట్టి నేరుగా ఒక్క అమరికను పట్టుకోవడం నష్టం. సంస్కృత ఛందశ్శాస్త్రకర్త పింగళుడి ఛందస్సూత్రాల్లోనే ఈ పద్ధతి ఉంది. సంఖ్య సరి అయితే లఘువు రాసి సగం చేయాలి. బేసి అయితే గురువు రాసి, ఒకటి కలిపి సగం చేయాలి. 3,55,799 బేసి, కాబట్టి గురువు. తర్వాత 1,77,900, 88,950 రెండూ సరి, రెండు లఘువులు. భగణం వచ్చేసింది! ఆపై 44,475, 22,238, 11,119 వరుసగా గురువు, లఘువు, గురువు ఇస్తాయి, అంటే రగణం. ఇరవై అడుగుల్లో భ, ర, న, భ, భ, ర, వ పూర్తవుతుంది. పది లక్షల పంక్తుల పట్టిక అవసరమే పడదు. అయితే యతి, ప్రాసల సంగతి ఈ సంఖ్యలో ఉండదు, అది కవి చూసుకోవలసిందే.

పైథాన్‌లో ఈ నష్టాన్ని ఒక క్లాస్‌లో గెట్‌ఐటెమ్ పద్ధతిగా రాస్తే ప్రస్తారం దానంతటదే వస్తుంది. ఫర్ లూప్ 0, 1, 2 అంటూ అడుగుతూ పోయి, ఇండెక్స్ ఎర్రర్ రాగానే ఆగిపోతుంది. లెక్క సున్నాతో మొదలు కనుక ఉత్పలమాల ఇండెక్స్ 3,55,798 అవుతుంది. 2008లో వచ్చిన పైథాన్ 3లోని రేంజ్ కూడా ఈ కోవదే: లక్ష కోట్ల దాకా అడిగినా అది సంఖ్యలన్నీ మెమరీలో నింపదు.

ఆదా ఊరికే రాదు. అడిగిన ప్రతిసారీ లెక్క మళ్ళీ చేయాలి. పైగా ఒకే ఇండెక్స్‌కు ఎప్పుడూ ఒకే జవాబు రావాలి. యాదృచ్ఛిక సంఖ్యలిచ్చే ఫంక్షన్‌ను ఇందులో పెడితే రెండోసారి నడిపిన లూప్ వేరే శ్రేణిని చూపిస్తుంది.

ముందరి విలువల మీద ఆధారపడే శ్రేణుల దారి వేరు. ఒకటి, రెండు మాత్రల అక్షరాలతో ఒక పాదాన్ని ఎన్ని విధాల నింపవచ్చో తేల్చాలంటే, 12వ శతాబ్దపు హేమచంద్రుడు చెప్పినట్టు వెనకటి రెండు సంఖ్యలూ కూడాలి. డీ అనే ప్రోగ్రామింగ్ భాష ఈ రెంటికీ వేర్వేరు పరికరాలు పెట్టింది. ఇండెక్స్‌తో నడిచే సీక్వెన్స్‌లో ఏ స్థానానికైనా నేరుగా దూకవచ్చు, రికరెన్స్‌లో మాత్రం మొదటి నుంచి ఒక్కో అడుగూ వేసుకుంటూ పోవాలి.