చచ్చిన కాలేజీ, బతికిన కాలేజీ

మా చిన్నతనంలో గుంటూరు సీమ పల్లెల నుండి చెన్నపట్నము పోయి వచ్చినవారిని ఇరుగుపొరుగువారు రెండు ప్రశ్నలు తప్పక అడిగేవారు. "చచ్చిన కాలేజీ చూచినారా? బతికిన కాలేజీ చూచినారా?" అని. మొదటిది ఎగ్మూరులోని మ్యూజియము. రెండవది ఆనాడు సెంట్రల్ స్టేషను ప్రక్కన ఉండిన జంతు ప్రదర్శనశాల. అరవవారు వీటిని "సెత్త కాలేజి", "ఉయిర్ కాలేజి" అనేవారు. మావాళ్లు ఆ మాటలనే తెలుగు చేసుకొన్నారు. ఒకచోట ప్రాణము పోయిన జంతువులు, మరియొకచోట ప్రాణమున్న జంతువులు. అంతవరకు సులువుగానే అర్థమవుతుంది. కాని చదువు చెప్పని ఈ రెండు చోట్లకు "కాలేజీ" అన్న పేరెందుకు?

దీనికి సమాధానము తెలుగు పండితులకు బాగా పరిచయమైన చోటనే ఉన్నది. కుంపిణీ దొరలకు దేశభాషలు నేర్పడానికి 1812లో మదరాసులో ఫోర్ట్ సెయింట్ జార్జి కళాశాల ఏర్పడినది. దానికి ప్రాణము పోసినవాడు ఎల్లిస్ దొర. 1816లో కాంప్‌బెల్ అచ్చువేసిన తెలుగు వ్యాకరణానికి ఎల్లిస్ ఒక ఉపోద్ఘాతము వ్రాసి, తెలుగు సంస్కృతము నుండి పుట్టినది కాదనీ, అరవము, కన్నడము మొదలైనవాటితో కలిసి వేరొక కుటుంబమనీ ఉదాహరణలతో నిరూపించినాడు. 1817లో మదరాసులో దిగిన చార్లెస్ ఫిలిప్ బ్రౌను తెలుగు నేర్చినది కూడా ఈ కళాశాలలోనే. నుంగంబాకంలోని కాలేజీ రోడ్డుకు ఆ పేరు దీనివలననే వచ్చినది.

ఈ కళాశాల భవనపు పై అంతస్తులోనే 1851లో మ్యూజియము మొదలైనది. మదరాసు లిటరరీ సొసైటీవారు ఇచ్చిన వేయికి పైబడిన రాళ్ల నమూనాలు దాని తొలి పెట్టుబడి. ఎడ్వర్డ్ బాల్ఫోర్ అనే వైద్యుడు దానికి మొదటి అధికారి. అంటే మ్యూజియము నిజంగానే ఒక కాలేజీలో పుట్టినది! తరువాత దానిని 1854 చివర ఎగ్మూరులోని పాంథియన్ భవనానికి తరలించినారు. అంతకు ముందు తరాలలో దొరలు, దొరసానులు విందులకు, నృత్యాలకు చేరిన చోటు అది. ఇల్లు మారినా పుట్టింటి పేరు జనుల నోట నిలిచిపోయినదని నా ఊహ.

ఇక బతికిన కాలేజీ సంగతి. మ్యూజియములో ఒక పులిని, ఒక చిరుతను ప్రాణముతో ఉంచితే జనము వేలుగా విరుచుకొని పడుతున్నారని బాల్ఫోర్ గమనించినాడు. వెంటనే కర్ణాటక నవాబును ఒప్పించి ఆయన పెంచుకొంటున్న జంతువులను తెప్పించినాడు. 1855లో మ్యూజియము ఆవరణలోనే జంతు ప్రదర్శనశాల వెలసినది. ఏడాది తిరిగేసరికి మూడు వందలకు మించిన ప్రాణులు చేరినాయి. 1861లో దానిని నగరపాలక సంస్థకు అప్పగించినారు. అది సెంట్రల్ వద్ద పీపుల్స్ పార్కుకు చేరి, 1985 వరకు అక్కడనే ఉండి, ఆ ఏడు వండలూరుకు వెళ్లినది. ఈ విధముగా చచ్చిన కాలేజీ కడుపుననే బతికిన కాలేజీ పుట్టినది. రాళ్లు చూడడానికి రాని జనాన్ని పులిని చూపి రప్పించవలసి వచ్చిందన్నమాట. ఈ సంగతి నా కథకు ముఖ్యము కనుక గుర్తుంచుకోవలసిందిగా మనవి.

పిల్లాజెల్లాతో ఊరు చూడబోవడమనేది మనకు అంత పాతది కాదు. మన పెద్దలు కుటుంబముతో కదలితే అది తీర్థయాత్రయే. చెన్నపట్నము సుప్రీము కోర్టులో దుబాసీగా ఉండిన ఏనుగుల వీరాస్వామయ్యగారు 1830 మే నెలలో పరివారముతో కాశికి బయలుదేరి 1831 సెప్టెంబరులో ఇల్లు చేరినారు. పదిహేను నెలలకు పైగా! దారిలోని ఊళ్లను ఆయన ఎంత శ్రద్ధగా చూచి వ్రాసినా, బయలుదేరినది మాత్రము పుణ్యము కొరకు. 1856లో రాయపురము నుండి రైలు నడిచినది. 1873లో సెంట్రల్ స్టేషను వచ్చినది. ఆ తరువాత సామాన్య గృహస్థు కూడా భార్యాబిడ్డలతో రాత్రి బండి ఎక్కి ప్రొద్దున పట్నములో దిగి, సముద్రము, కోట, మూరు మార్కెట్టు, రెండు కాలేజీలు చూచి, నాలుగవ నాటికి ఇల్లు చేరగలిగినాడు. పుణ్యముతో పని లేదు, చూడడమే పని.

అరవవారు దీనికి ఒక పండుగనే కేటాయించినారు. సంక్రాంతి దినాలలో వచ్చే "కాణుం పొంగల్" నాడు కుటుంబాలకు కుటుంబాలు పులిహోర మూటలతో బీచికి, జంతుశాలకు బయలుదేరుతారు. "కాణుం" అంటే చూచే అని అర్థము. వారి "కాణ్", మన "కను" ఒకే ధాతువు. పెద్దలను చూడబోయేటప్పుడు పట్టుకొనిపోయే "కానుక" కూడా ఆ ఇంటి బిడ్డయే. ఎల్లిస్ దొర చెప్పిన చుట్టరికము ఈ ఒక్క మాటలో కనబడుతుంది.

ఇప్పుడు నా సంగతి. 1967లో నాకు పదేళ్లప్పుడు మా నాన్నగారు మమ్మల్ని చెన్నపట్నము తీసుకొని వెళ్లినారు. ఆయన అయిదవ తరగతితో చదువు ముగించి సేద్యములో దిగినవారు. 1953 అక్టోబరు 1న ఆంధ్రరాష్ట్రము ఏర్పడి మదరాసు మనకు దక్కకపోయినా, ఆయన దానిని చివరి వరకు "మన పట్నము" అనే అనేవారు. మాది అమరావతికి దగ్గరి పల్లె. స్తూపపు రాళ్లను పూర్వము సున్నపు బట్టీలలో కాల్చినారనీ, మిగిలినవాటిని దొరలు బండ్లమీద పట్నానికి తోలినారనీ ఆయనకు వాళ్ల తాతగారు చెప్పినారట. ఆ రాళ్లను చూడాలన్నది ఆయన కోరిక. ఆ ప్రయాణము మొత్తము మీద తనకోసము అడిగినది అదొక్కటే.

చివరి రోజు వచ్చినది. సాయంత్రము బండి. ఒక్క చోటికే వ్యవధి ఉన్నది. "చచ్చిన కాలేజీకి పోదాము" అన్నారు నాన్నగారు. నేను పులిని చూడాలని వీధిలో కూర్చుండి ఏడ్చినాను. మా అమ్మ కసరబోతే ఆయన వారించి, "పోనీలే, రాళ్లెక్కడికి పోతాయి? మళ్లీ వచ్చినప్పుడు చూద్దాము" అన్నారు. పులిని చూచినాము. దానికి నా మీద దృష్టియే లేదు, నిద్రపోతున్నది. నాన్నగారు మరల పట్నము పోలేదు. 1979లో కాలము చేసినారు.

తరువాత నేను తెలుగు పండితుడనై ముప్పది ఏండ్లకు పైగా పిల్లలకు పాఠాలు చెప్పినాను. అమరావతి ప్రసక్తి వచ్చినప్పుడల్లా పుస్తకములోని మసక బొమ్మ చూపి ఏదో వర్ణించేవాడిని. స్వయముగా పోయి చూడవలసినదని తెలియక కాదు. పోబుద్ధి కాలేదు.

రాళ్లెక్కడికి పోతాయి అన్నారు కదా నాన్నగారు! అమరావతి రాళ్లు పోయినంత దూరము మన పూర్వులు ఎవరూ పోలేదు. 18వ శతాబ్ది చివర వాసిరెడ్డి వేంకటాద్రి నాయుడుగారు అమరావతికి రాజధాని మార్చి కట్టడాలు సాగిస్తున్నప్పుడు స్తూపపు దిబ్బ బయటపడినది. కర్నల్ మెకంజీ వచ్చి చూచి బొమ్మలు వ్రాయించినాడు. 1845లో వాల్టర్ ఎలియట్ త్రవ్వించి రాళ్లను మదరాసుకు చేర్చినాడు. దొరలు పాలరాయి అన్నారు గాని అవి మన పలనాటి సున్నపురాళ్లు. మదరాసులో అవి ఏండ్ల తరబడి ఎండకు ఎండి వానకు తడిసినాయి. 1859లో వాటిలో 121 ఓడ ఎక్కి లండను చేరినాయి. ఇప్పుడు బ్రిటిష్ మ్యూజియములో ఉన్నాయి. తరువాతి త్రవ్వకాలలో దొరికినవి కొన్ని ఎగ్మూరుకు వచ్చినాయి, కొన్ని అమరావతిలోనే మిగిలినాయి. ఒక్క స్తూపాన్ని చూడడానికి ఇప్పుడు మూడు ఊళ్లు తిరగవలెను.

పదవీ విరమణ చేసిన కొన్నాళ్లకు, ఒక సంక్రాంతి సెలవులలో, మా అబ్బాయి కుటుంబముతో చెన్నై ప్రయాణము కుదిరినది. మనుమరాలికి పదకొండేళ్లు, మనుమనికి ఏడు. మొదటి దినము మనుమని కోరికపై వండలూరు వెళ్లినాము. నేను మారు పలుకలేదు, ఆ విషయములో మాట్లాడే అర్హత నాకు లేదు. మరునాడు మెరీనా. మూడవనాడు ఎగ్మూరు.

మనుమడు తిమింగలపు ఎముకల గూడు చూచి నోరు తెరిచినాడు. కంచుబొమ్మల శాలలో అలసినానన్నాడు. అమరావతి శాలకు వచ్చేసరికి వాని తల్లి ఎత్తుకోవలసి వచ్చినది. నేను మెల్లగా రాళ్ల వెంట నడుస్తూ ఒక గుండ్రని పలక ముందు ఆగిపోయినాను. నేను పాఠములో చూపిన మసక బొమ్మ అదే. స్తూపము చుట్టూ ఉండిన రాతికంచెలోనిది, సుమారు రెండవ శతాబ్ది నాటిది.

కథ మీకు తెలిసినదే. బుద్ధునిపై ఈర్ష్యతో దేవదత్తుడు నాళాగిరి అనే ఏనుగుకు మద్యము పట్టించి రాజగృహపు వీధిలో వదలిస్తాడు. పుస్తకములో నాకు ఏనుగు, బుద్ధుడు మాత్రమే కనబడినారు. రాతిలో ఒక నగరమే ఉన్నది. ఎడమవైపు ఏనుగు ఒకనిని తొండముతో పట్టి విసరుతున్నది, మరియొకడు దాని కాళ్ల క్రింద ఉన్నాడు. జనము చెల్లాచెదరవుతున్నారు. ఒక స్త్రీ బెదరి ప్రక్కవానిని కరచుకొన్నది. పైన మేడల కిటికీలలో నుండి నగరవాసులు తొంగి చూస్తున్నారు. కుడివైపు అదే ఏనుగు బుద్ధుని పాదాల ముందు మోకరిల్లినది. ఒకే పలకలో ముందూ వెనుకా రెండు ఘడియలు.

మనుమడు చంక దిగి వచ్చినాడు. "ఇక్కడ కూడా రెండు ఏనుగులున్నాయి" అన్నాడు. "రెండు కాదురా, ఒకటే" అని వాళ్ల అక్క వానికి కథ చెప్పడము మొదలుపెట్టినది. నేను ముందురోజు రాత్రి చెప్పినదే. నాకంటె బాగా చెప్పినది, ఎందుకనగా దాని ఎదుట రాయి ఉన్నది. పూర్తయిన తరువాత నన్నడిగినది: "తాతయ్యా, ఇవి మన ఊరివైతే మన ఊళ్లోనే ఎందుకు లేవు?"

తేలికైన జవాబు చెప్పలేకపోయినాను. తరలించకపోతే వీటిలో ఎన్ని సున్నపు బట్టీ పాలయ్యేవో. తరలించినందువలన ఊరివారికి దూరమైనాయి. రెండూ నిజమే. "మనవాళ్లు అప్పుడు వాటిని రాళ్లనుకొన్నారమ్మా" అన్నాను. దానికి ఆ జవాబు చాలలేదని ముఖము చూస్తే తెలిసినది. నాకు కూడా చాలలేదు.

బయటికి వచ్చే ముందు నేనొక్కడినే వెనుకకు పోయి ఆ పలక ముందు మరికొంతసేపు నిలబడినాను. నాన్నగారి వంతు కూడా చూడవలసి ఉన్నది కదా.

పిల్లలతో పోదలచినవారికి ఒక మాట. శుక్రవారము మ్యూజియమునకు సెలవు. పిల్లలు అలసిపోకముందే, ప్రొద్దుననే తిన్నగా అమరావతి శాలకు పోవలెను. తిమింగలమును చివరకు దాచి ఉంచవలెను. బాల్ఫోర్ దొర నేర్పిన ఉపాయమే ఇది. పెద్దవారు ఎవరైనా వెంట ఉంటే ముందుగా వారు కోరిన చోటికి పోవడము మంచిది.

మీ ఇండ్లలో పెద్దలు ఈ రెండు కాలేజీలను ఏమని పిలిచేవారో, అక్కడ ఏమి చూచి వచ్చి చెప్పేవారో తెలిసినవారు తెలుపగలరు. ఆ మాటలు అన్నవారు ఉండగానే అడిగి తెలుసుకొంటే మరీ సంతోషము.