ఖుష్కీ పిట్ట, తరీ జమానా

నిజాం జమానా రెవెన్యూ కాగితాల్లో సాగుభూమిని రెండు మాటల్లో తేల్చేవారు. వాన మీద బతికేది ఖుష్కీ, నీరు పారేది తరీ. ఇవి కాక పశువుల మేతకు ఊరుమ్మడిగా వదిలింది గైరాన్, మనవాళ్ల మాటలో బంచరాయి. శిస్తు హిసాబులో తరీకి ఉన్న ఇజ్జత్ ఖుష్కీకి లేదు, గైరాన్‌కైతే అసలే లేదు. మా మిర్యాలగూడ, కోదాడ ఇలాఖా తారీఖ్ ఒక్క ముక్కలో చెప్పమంటే, ఖుష్కీ తరీగా మారిన ఖిస్సా అంటాను.

1955 డిసెంబర్ 10న నెహ్రూ నాగార్జునసాగర్‌కు పునాది వేశారు. 1967 ఆగస్టు 4న ఇందిరా గాంధీ కాలువలకు నీళ్లు వదిలారు. ఎడమ కాలువ మిర్యాలగూడ, హుజూర్‌నగర్, కోదాడ మీదుగా ఖమ్మం వైపు పోయింది. జొన్న, ఆముదం వేసిన చెలకలు వరి మళ్లయ్యాయి. మిర్యాలగూడ రైస్‌మిల్లుల పేరు దేశమంతా పాకింది. సూర్యాపేటలో ఉన్న మేమూ ఆ నీళ్ల నమక్ తిన్నవాళ్లమే. అందుకే ఇది కాలువ మీద షికాయత్ అనుకోకండి. ఆ నీళ్లు కరువు చూసిన ఇళ్లకు రహ్మత్. నేను చెప్పబోయేది ఆ హిసాబులో ఎవరూ రాయని ఒక పిట్ట సంగతి.

దాని పేరు బట్టమేక. ఉర్దూలో తుగ్దార్. మీటరు దాకా ఎత్తు, మగదైతే పదిహేను కిలోల వరకు బరువు. ఎగరగలిగే పక్షుల్లో ఇంత బరువైనవి చాలా తక్కువ. బాబర్ తన బాబర్‌నామాలో హిందుస్తాన్ పిట్టల్ని వరసగా రాస్తూ ఖర్చాల్ దగ్గర ఆగుతాడు. కొన్ని పిట్టల్లో కాలు బాగుంటుంది, కొన్నిట్లో రొమ్ము బాగుంటుంది, దీని మాంసం మాత్రం మొత్తం బాగుంటుందని మెచ్చుకున్నాడు. బాదుషా గారి తారీఫ్ పిట్టకు మంచి చేసిందని చెప్పలేను. తర్వాత దక్కన్‌లోకి తుపాకులొచ్చాయి. 1809 నుంచి 1829 దాకా ఒక్క అహ్మద్‌నగర్ ఇలాఖాలోనే రాబర్ట్ మాన్స్‌ఫీల్డ్ అనే దొర 961 బట్టమేకల్ని కాల్చాడు. ఒక్క మనిషి, ఇరవై ఏళ్లు!

అయినా తుపాకీ దాన్ని ఖతం చేయలేదు. 1972 వన్యప్రాణి చట్టం షికారును బంద్ చేసింది. 1969లో దేశం మొత్తం మీద 1,260 ఉంటాయని ధర్మకుమార్‌సింహ్‌జీ అంచనా వేశారు. షికారు ఆగినా ఆ సంఖ్య పెరగలేదు, తరుగుతూనే పోయింది. కాబట్టి అస్లీ మస్లా వేరే చోట ఉంది.

బట్టమేక చెట్టెక్కదు, గూడు కట్టదు. పొట్టి గడ్డి మైదానంలో ఉత్త నేల మీద, సాధారణంగా ఏడాదికి ఒకే ఒక్క గుడ్డు పెడుతుంది. దాదాపు నాలుగు వారాలు ఆడపిట్ట ఒక్కతే పొదుగుతుంది. ఆ నేల మారిపోతే చాలు, పిట్టను ఎవరూ చంపనక్కర్లేదు.

ఈ మాట అర్థం కావాలంటే ఎంతో దూరంలోని కాస్పియన్ సముద్రం దాకా పోవాలి. ఇరాన్‌వాళ్లు దాన్ని దరియా-ఎ-ఖజర్ అంటారు. దాని ఉత్తర భాగం, కజకిస్తాన్, రష్యా వైపు, చలికాలంలో గడ్డకడుతుంది. అక్కడి సీల్ (మనం సీల్ చేప అంటాం గానీ అది పాలిచ్చే జంతువు) జనవరి, ఫిబ్రవరిలో ఆ మంచు పలక మీద ఒకే పిల్లను కంటుంది. తెల్లటి బొచ్చుతో పుట్టే ఆ పిల్ల ఆ వయసులో నీళ్లలో ఎక్కువసేపు బతకలేదు. కొన్ని వారాలు మంచే దానికి ఉయ్యాల. చలికాలాలు వెచ్చబడి మంచు పలచనై, ముందే విరిగితే పాలు మానకముందే పిల్ల నీళ్లపాలు. ఇరవయ్యో శతాబ్దం మొదట్లో పది లక్షలకు పైగా ఉన్న ఆ సీళ్లు, 2005 తర్వాత విమానాల నుంచి లెక్కిస్తే లక్షకు అటూ ఇటూగా తేలాయి. తోలు కోసం, కొవ్వు కోసం జరిగిన వేట మొదట వాటిని విరిచింది. ఇప్పుడు వేట తగ్గినా, కోలుకోవడానికి కావలసిన మంచే తరిగిపోతోంది.

బట్టమేక నసీబూ అంతే. దాని మంచు పలక మన ఖుష్కీ, మన గైరాన్.

కృష్ణకు అవతలి ఒడ్డున, ఇప్పటి నంద్యాల జిల్లాలో, నందికొట్కూరు దగ్గర రోళ్లపాడు ఉంది. 1980ల్లో బాంబే నేచురల్ హిస్టరీ సొసైటీ తరఫున డాక్టర్ అసద్ రహ్మానీ, ఆయన సాథీలు అక్కడ ఏళ్ల తరబడి బట్టమేకల్ని చూశారు. వాళ్ల మెహనత్ వల్ల బయటపడిన సంగతుల్లో నాకు బాగా నచ్చింది ఒకటి: ఈ పిట్ట రైతుకు దుష్మన్ కాదు. మెట్ట చేలల్లో తిరుగుతుంది, మిడతల్ని, పురుగుల్ని తింటుంది, కోత అయ్యాక రాలిన గింజలు ఏరుకుంటుంది. ఖుష్కీ సేద్యంతో దానికి దోస్తీ కుదిరింది. తరీతో కుదరదు. నీళ్లు నిలిచిన మడిలో గుడ్డు ఎక్కడ పెడుతుంది?

1988లో అక్కడ 614 హెక్టార్లు, అంటే దాదాపు పదిహేను వందల ఎకరాలు, అభయారణ్యం చేశారు. జంగ్లాత్ మహకమా గడ్డిని కాపాడింది. అయితే బట్టమేక తిరిగే ఇలాఖా ఆ కంచెకంటే చాలా పెద్దది. బయట కాలువలొచ్చాయి, పంటలు మారాయి, గైరాన్లు దున్నేశారు. లోపల కాపాడిన గడ్డి మీద కృష్ణజింకలు పెరిగి చేల మీద పడ్డాయి. నష్టపోయిన రైతుకు అభయారణ్యం అంటేనే గుస్సా వచ్చింది, అది న్యాయమే. మధ్యప్రదేశ్‌లోని కరేరాలోనూ జింకలు, రైతుల కథ ఇలాగే నడిచి, 1990ల్లో అక్కడ బట్టమేకలు పూర్తిగా పోయాయి. రోళ్లపాడులో కూడా కొన్నేళ్లుగా అవి కనపడటం గగనమైంది.

ఇప్పుడు దేశంలో మిగిలిన నూటయాభై దాకా పిట్టల్లో చాలావరకు రాజస్థాన్‌లోని జైసల్మేర్ వైపే ఉన్నాయి. అక్కడ గండం కరెంటు తీగలు. ఎదురుగా సరిగ్గా చూడలేని ఈ బరువైన పిట్ట తీగల్ని తప్పించుకోలేదు. 2021లో సుప్రీంకోర్టు తీగల్ని భూమిలో వేయమంది, 2024లో ఆ హుకుం సడలించి నిపుణుల కమిటీ వేసింది. 2019 నుంచి సమ్ దగ్గర ఎడారిలో గుడ్లు ఏరి తెచ్చి, యంత్రంలో పొదిగించి పిల్లల్ని పెంచుతున్నారు. పిల్లలు పెరిగి జత కడుతున్నాయి కూడా. వాటిని వదలడానికి గైరాన్ ఎక్కడ దొరుకుతుందో ఇంకా వెతుకుతున్నారు.